బ్రేకు పెడల్ కిందికి జారుతుంటే వాహనాన్ని కదపరాదు

ప్రత్యేక వ్యాసం

రహదారి భద్రతకు సంబంధించి అతివేగం, మద్యం సేవించి వాహనం నడపడం, హెల్మెట్, సీటు బెల్టు వంటి అంశాలపై ప్రజలలో ఎంతో కొంత అవగాహన ఏర్పడింది. అయితే వాహనం తనంతట తానుగా ఇచ్చే హెచ్చరికలను గుర్తించే విషయంలో ఆ అవగాహన ఇంకా చాలినంతగా లేదు. అటువంటి హెచ్చరికలలో అత్యంత తీవ్రమైనది, కాలి కింద బ్రేకు పెడల్ దిగిపోతూ ఉండడం. పెడల్ కిందికి జారినప్పుడు డ్రైవరు రెండు మూడు సార్లు గబగబా తొక్కుతాడు. వాహనం ఆగుతుంది. "పని చేస్తూనే ఉంది కదా" అని ప్రయాణం కొనసాగుతుంది. మరికొన్ని సందర్భాలలో పెట్రోలు బంకు వద్ద ఒక సీసా బ్రేకు ఆయిల్ కొని పోసి, సమస్య తీరిందని భావిస్తారు. ఈ రెండింటిలో ఏదీ మరమ్మతు కాదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. పెడల్‌ను పదేపదే తొక్కి ఒత్తిడి తెచ్చుకోవడానికి మూడు సెకన్లు పట్టినా, వేగం తగ్గడం ప్రారంభం కాకముందే కారు 50 మీటర్ల దూరం దాటిపోతుంది. రద్దీగా ఉండే కూడలిలో, పాఠశాల ఎదుట, ఘాట్ రోడ్డు మలుపులో ఈ 50 మీటర్లే ప్రాణాపాయాన్ని నిర్ణయిస్తాయి. కనుక కార్యాలయ వాహనాల నిర్వహణ బాధ్యత వహించే అధికారులు, ప్రమాద వార్తలను ప్రజలకు అందించే పాత్రికేయులు ఈ లోపం స్వభావాన్ని, దానిని కనుగొనే క్రమాన్ని తెలుసుకోవడం అవసరం.

పెడల్ నుంచి చక్రం వరకు

కార్లు, జీపులు, చిన్న వ్యాన్లలో బ్రేకులు ద్రవ పీడనంతో పనిచేస్తాయి. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ నిరూపించిన సూత్రమే దీనికి ఆధారం. డ్రైవరు పెడల్ తొక్కినప్పుడు ఆ బలం బూస్టర్ ద్వారా మాస్టర్ సిలిండర్‌కు చేరుతుంది. మాస్టర్ సిలిండర్ లోని పిస్టన్లు ద్రవాన్ని సన్నని లోహపు గొట్టాలలోకి, చక్రాల వద్ద ఉండే రబ్బరు హోస్ పైపులలోకి నెడతాయి. డిస్కు బ్రేకు ఉన్న చక్రం వద్ద కాలిపర్ లోని పిస్టన్ ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. డ్రమ్ము బ్రేకు ఉన్న చక్రం వద్ద వీల్ సిలిండర్ బ్రేకు షూలను డ్రమ్ము లోపలి గోడకు నెడుతుంది. మన రోడ్లపై తిరిగే చాలా కార్లలో ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి.

పెడల్ ఎందుకు దిగుతుందో అర్థం కావడానికి ఒక చిన్న లెక్క చాలు. మాస్టర్ సిలిండర్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, కాలిపర్ పిస్టన్ వ్యాసం 48 మిల్లీమీటర్లు, పెడల్ లివర్ నిష్పత్తి 5 అనుకుందాం. కాలు 20 కిలోల బలంతో తొక్కితే, బూస్టర్ సాయం లేకుండానే మాస్టర్ సిలిండర్‌పై 100 కిలోల బలం పడుతుంది. కాలిపర్ పిస్టన్ వద్దకు వచ్చేసరికి అది సుమారు 575 కిలోలు అవుతుంది. కానీ ఈ లాభానికి మూల్యం కదలికలో చెల్లించవలసి ఉంటుంది. ఒక్క కాలిపర్ పిస్టన్ ఒక్క మిల్లీమీటరు అదనంగా కదలాలంటే మాస్టర్ సిలిండర్ పిస్టన్ దాదాపు 6 మిల్లీమీటర్లు, పెడల్ దాదాపు 30 మిల్లీమీటర్లు దిగాలి. చక్రం వద్ద కొద్దిపాటి సందు పెరిగినా, గొట్టంలో చిన్న గాలి బుడగ చేరినా, కొన్ని చుక్కల ద్రవం బయటికి పోయినా, పెడల్ వద్ద అది అంగుళాలలో కనిపించడానికి కారణం ఇదే.

ఆధునిక కార్లలో మాస్టర్ సిలిండర్ రెండు గదులుగా ఉంటుంది. ఒక్కొక్క గది రెండేసి చక్రాలకు విడిగా ద్రవాన్ని పంపుతుంది. ఒక మార్గం దెబ్బతిన్నా రెండవ మార్గం పనిచేసేలా ఈ ఏర్పాటు చేశారు. అయితే అప్పుడు పెడల్ చాలా కిందికి దిగిన తర్వాతగాని మిగిలిన బ్రేకులు పట్టవు. పెడల్ దాదాపు నేలను తాకి, వాహనం కొంతమేరకు మాత్రమే ఆగుతున్నదంటే, సగం బ్రేకులు ఇప్పటికే పోయాయని అర్థం చేసుకోవాలి.

పెడల్ తీరును బట్టి లోపం

కిందికి దిగే పెడల్ అన్ని సందర్భాలలోనూ ఒకే లోపాన్ని సూచించదు. అది ఎలా దిగుతున్నదో డ్రైవరు సరిగా చెప్పగలిగితే మెకానిక్ పని సగం పూర్తయినట్లే.

మొదటిది, పెడల్‌పై కాలు అదే బలంతో ఉంచినప్పటికీ అది నెమ్మదిగా నేలవైపు జారిపోవడం. ద్రవం ఎక్కడో బయటికి కారుతున్నదని, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు అరిగి ద్రవం వెనుకకు జారుతున్నదని దీని అర్థం.

రెండవది, పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండడం. గొట్టాలలో గాలి చేరినప్పుడు, లేదా పాతబడిన రబ్బరు హోస్ పైపు ఒత్తిడికి ఉబ్బుతున్నప్పుడు ఈ లక్షణం కనిపిస్తుంది.

మూడవది, మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ బాగా కిందికి దిగి, వెంటనే రెండవసారి తొక్కితే పైనే గట్టిగా నిలవడం. వెనుక డ్రమ్ములలో బ్రేకు షూలకు, డ్రమ్ముకు మధ్య సందు పెరిగితే ఇలా జరుగుతుంది. వీల్ బేరింగు వదులైనా, డిస్కు వంకర తిరిగినా ప్యాడ్లు వెనుకకు నెట్టబడి ఇదే లక్షణం కనిపించవచ్చు.

నాల్గవది, సుదీర్ఘమైన దిగుడు మార్గంలో పెడల్ మెత్తబడి నేలకు దిగిపోవడం, వాహనం చల్లబడిన తర్వాత మళ్లీ మామూలుగా మారడం. వేడికి బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడ్డాయని ఇది తెలుపుతుంది. చల్లబడగానే లక్షణం మాయమవుతుంది కనుక దీనిని చాలామంది తేలికగా తీసుకుంటారు.

ఐదవది, ఏ హెచ్చరికా లేకుండా పెడల్ ఒక్కసారిగా నేలను తాకడం. గొట్టం పగిలినప్పుడు, ద్రవం పూర్తిగా అయిపోయినప్పుడు ఇలా జరుగుతుంది.

వీటితో పొరబడకూడని అంశాలు రెండు ఉన్నాయి. ఇంజను ఆపి ఉన్నప్పుడు పెడల్‌ను కొన్నిసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగి ఆగుతుంది. బూస్టర్ సక్రమంగా పనిచేస్తున్నదనడానికి అది సూచనే తప్ప లోపం కాదు. రెండవది, పెడల్ రాయిలా గట్టిపడి ఎంత తొక్కినా వాహనం ఆగకపోతే అది బూస్టర్‌కు గాని, ప్యాడ్లకు గాని సంబంధించిన వేరే సమస్య.

మార్గమధ్యంలో పెడల్ జారితే

వాహనం నడుస్తున్నప్పుడు పెడల్ దిగిపోతే ముందుగా పెడల్‌ను పూర్తిగా వదిలి, మళ్లీ వేగంగా, బలంగా పలుమార్లు తొక్కాలి. మిగిలి ఉన్న ఒత్తిడి తిరిగి రావడానికి ఇది తోడ్పడుతుంది. అదే సమయంలో యాక్సిలరేటర్ వదిలి, ఒక్కొక్క గేరు తగ్గిస్తూ ఇంజను పట్టుతో వేగాన్ని అదుపు చేయాలి. ఆటోమేటిక్ గేరు వాహనాలలో తక్కువ గేరు స్థానానికి మార్చాలి. హారను, హజార్డ్ లైట్లతో ఇతరులను హెచ్చరించాలి.

హ్యాండ్ బ్రేకు చాలా కార్లలో తీగ ద్వారా వెనుక చక్రాలపై పనిచేస్తుంది. ద్రవంతో దానికి సంబంధం లేదు. కనుక ద్రవం పూర్తిగా పోయినా అది అందుబాటులో ఉంటుంది. అయితే దానిని ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగుసుకుని వాహనం అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. లివరు చివర ఉన్న బటన్‌ను నొక్కి ఉంచి, కొద్దికొద్దిగా లాగుతూ వదులుతూ ఉపయోగించాలి. వాహనం పూర్తిగా ఆగేవరకు ఇంజనును ఆపరాదు, తాళం చెవి తీయరాదు. ఇంజను ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బూస్టర్ సాయం కొద్దిసేపటికే తొలగిపోతుంది. తాళం చెవి తీస్తే స్టీరింగే బిగుసుకుపోవచ్చు.

వాహనం ఆగిన తర్వాత దానిని సొంత చక్రాలపై వర్క్‌షాపుకు నడిపించే ప్రయత్నం చేయరాదు. తాడు కట్టి మరో వాహనంతో లాగించడం కూడా ప్రమాదకరమే. బ్రేకులు లేని వాహనం ముందున్న వాహనాన్ని ఢీకొనకుండా తాడు ఆపలేదు. దానిని వేరొక వాహనంపైకి ఎక్కించి తీసుకుపోవడమే సురక్షితం.

కారణాన్ని కనుగొనే క్రమం

విడిభాగాలను ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూడడం వలన ఖర్చు పెరుగుతుందే తప్ప లోపం దొరకకపోవచ్చు. సులభమైన పరీక్షతో మొదలుపెట్టి కష్టమైనదానికి వెళ్లడం సరైన క్రమం.

అన్నిటికంటే ముందు పెడల్ కింద నీళ్ల సీసా గాని, ముడుచుకుపోయిన మ్యాటు గాని అడ్డుపడి ఉందేమో చూడాలి. ఆ తర్వాత బానెట్ ఎత్తి బ్రేకు ద్రవం ఉండే చిన్న డబ్బాను పరిశీలించాలి. దానిపై కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉంటాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ ద్రవ మట్టం నెలల తరబడి స్వల్పంగా తగ్గడం సహజం. కొద్ది రోజులలోనే తగ్గిందంటే లీకు ఉన్నదని భావించాలి. డాష్‌బోర్డుపై ఎర్రని బ్రేకు దీపం చాలా కార్లలో హ్యాండ్ బ్రేకుకు, ద్రవ మట్టానికి ఉమ్మడిగా ఉంటుంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా ఆ దీపం వెలుగుతుంటే నిర్లక్ష్యం చేయరాదు.

ద్రవం తగ్గి ఉంటే అది ఎక్కడికి పోయిందో కనుగొనాలి. నాలుగు చక్రాల లోపలి వైపు, టైరు పక్క గోడలు, డ్రమ్ము వెనుక రేకు, కాలిపర్లు, హోస్ పైపుల చివరలు, వాహనం అడుగు భాగంలో సాగే లోహపు గొట్టాలు వరుసగా చూడాలి. మట్టి, తేమ నిలిచే చోట లోహపు గొట్టాలు తుప్పు పడతాయి. వీల్ సిలిండర్ కారుతున్నా, ఆ ద్రవం డ్రమ్ము లోపలే ఉండిపోయి బయటికి కనిపించకపోవచ్చు. అందుచేత డ్రమ్ములు విప్పి, వీల్ సిలిండర్ రబ్బరు తొడుగుల అంచులను ఎత్తి చూడడం తప్పనిసరి. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌తో కలిసే చోట తడి ఉన్నదేమో కూడా గమనించాలి. అక్కడ కారే ద్రవం బూస్టర్ లోపలికి చేరుతుంది. పెట్రోలు ఇంజన్లలో అది ఇంజను లోనికి పీల్చబడి తెల్లని పొగగా బయటపడడం కూడా ఉంది.

వాహనం కింద కనిపించే ప్రతి తడీ బ్రేకు ద్రవం కాదు. ఎయిర్ కండిషనర్ నుంచి కారేది వట్టి నీరు. ఇంజను ఆయిల్ జిడ్డుగా ఉండి నీటితో కడిగినా పోదు. బ్రేకు ద్రవం లేత పసుపు రంగులో, వేళ్ల మధ్య జారుతూ ఉంటుంది, నీటితో కడిగితే పోతుంది. వాహనం రంగుపై పడితే పెయింటును పాడు చేస్తుంది.

మాస్టర్ సిలిండర్ లోపలి లీకు

ద్రవ మట్టం తగ్గలేదు, ఎక్కడా తడి లేదు, అయినా పెడల్ జారుతున్నది. ఇటువంటి సందర్భంలో అనుమానం మాస్టర్ సిలిండర్ వైపు మళ్లాలి. దాని లోపలి పిస్టన్‌కు ఉండే రబ్బరు సీలు అరిగినా, సిలిండరు గోడపై గీతలు పడినా, ముందుకు పోవలసిన ద్రవం సీలు పక్కనుంచి తిరిగి డబ్బాలోకి చేరుతుంది. బలంగా తొక్కినప్పుడు సీలు గోడకు అతుక్కుని బ్రేకు పడుతుంది. సిగ్నల్ వద్ద కాలు తేలికగా ఆనించి ఉంచినప్పుడు మాత్రం పెడల్ నెమ్మదిగా జారుతుంది. ఈ కారణంగానే ఈ లోపం వర్క్‌షాపులో తేలికగా బయటపడదు.

దీనికి పరీక్ష ఉంది. వాహనాన్ని సమతల ప్రదేశంలో నిలిపి, చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, ఇంజను నడుస్తుండగా పెడల్‌ను మధ్యస్థమైన బలంతో తొక్కి ఒక నిమిషం పాటు కదలకుండా ఉంచాలి. తర్వాత తేలికైన బలంతో అదే పరీక్ష చేయాలి. పెడల్ ఒక స్థాయిలో నిలవక క్రమంగా దిగుతుంటే లోపం ఉన్నట్లే. దానిని నిర్ధారించుకోవడానికి మాస్టర్ సిలిండర్ నుంచి బయటికి పోయే గొట్టాలను విప్పి, ఆ రంధ్రాలను తగిన మరలతో మూసి, గాలి లేకుండా చేసి పెడల్ తొక్కి చూస్తారు. అప్పుడు పెడల్ పైనే గట్టిగా నిలిస్తే మాస్టర్ సిలిండర్ బాగున్నట్లు, లోపం ముందున్న గొట్టాలలోనో చక్రాల వద్దనో ఉన్నట్లు. అప్పటికీ జారుతుంటే మాస్టర్ సిలిండర్ మార్చవలసిందే.

ఏబీఎస్ ఉన్న వాహనాలలో మరొక అవకాశాన్నీ పరిశీలించాలి. ఏబీఎస్ యూనిట్ లోపలి కవాటం సరిగా మూసుకోకపోయినా పెడల్ జారవచ్చు. మాస్టర్ సిలిండర్ మార్చిన తర్వాత కూడా లోపం కొనసాగితే తగిన స్కానర్ ఉన్న వర్క్‌షాపులో ఈ యూనిట్‌ను పరీక్షింపజేయాలి.

మరమ్మతు ఎలా ఉండాలి

మాస్టర్ సిలిండర్ విషయంలో పాత పద్ధతి లోపలి రబ్బరు కిట్ మార్చడం. సిలిండరు గోడపై గీతలు గాని తుప్పు గుంటలు గాని ఉంటే కొత్త రబ్బరు కూడా కొద్ది నెలలలోనే అరిగిపోతుంది. కనుక అటువంటప్పుడు పూర్తి యూనిట్ మార్చడమే శ్రేయస్కరం. వీల్ సిలిండర్ ఒకవైపు కారుతుంటే, రెండవదానికీ అంతే వయస్సు ఉంటుంది కనుక రెండు వైపులా మార్చడం మంచిది. ద్రవంతో తడిసిన బ్రేకు షూలను, ప్యాడ్లను కడిగి ఆరబెట్టి తిరిగి వాడరాదు. అవి ఒకవైపు పట్టి మరొకవైపు పట్టక వాహనాన్ని పక్కకు లాగుతాయి.

తుప్పు పట్టిన గొట్టానికి అతుకు వేయడం, పగిలిన హోస్ పైపుకు క్లిప్పు బిగించడం, కారుతున్న చక్రానికి పోయే గొట్టాన్ని సుత్తితో నలగ్గొట్టి మూసివేయడం అక్కడక్కడా కనిపించే పద్ధతులు. ఇవి ఎట్టి పరిస్థితులలోనూ అనుమతించదగినవి కావు. ఒక చక్రానికి బ్రేకు మూసివేసిన వాహనం తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసిన మరుక్షణమే అదుపు తప్పవచ్చు.

బ్రేకు ద్రవాన్ని వాడుకలో బ్రేకు ఆయిల్ అంటున్నప్పటికీ అది నూనె కాదు. ఈ పేరు వలన కొందరు పొరపాటున ఇంజను ఆయిల్ గాని, పవర్ స్టీరింగ్ ఆయిల్ గాని పోస్తుంటారు. ఖనిజ నూనె తగిలితే బ్రేకు వ్యవస్థలోని రబ్బరు ఉబ్బిపోతుంది. డబ్బా మూతలోని రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉంటే ఈ పొరపాటు జరిగినట్లు అనుమానించాలి. అప్పుడు ద్రవం ఒక్కటే మారిస్తే సరిపోదు. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల వరకు రబ్బరు భాగాలన్నీ మార్చి, గొట్టాలన్నీ శుభ్రపరచవలసి ఉంటుంది.

డబ్బా మూతపై డాట్ 3 లేదా డాట్ 4 అని తయారీదారులు ముద్రిస్తారు. అందులో సూచించిన రకాన్నే, సీలు తీయని కొత్త సీసా నుంచి పోయాలి. సిలికాన్‌తో తయారయ్యే డాట్ 5 ద్రవాన్ని వీటితో కలపరాదు.

గాలి తీసే పద్ధతి

గొట్టాలు విప్పిన ప్రతిసారీ లోనికి చేరిన గాలిని తీయాలి. ముందు వెనుక చక్రాలకు వేర్వేరు మార్గాలు ఉన్న వాహనాలలో మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన దేశంలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కనుక సాధారణంగా ఎడమ వెనుక చక్రం, కుడి వెనుక చక్రం, ఎడమ ముందు చక్రం, చివరగా కుడి ముందు చక్రం అనే వరుస పాటిస్తారు. ఐమూలగా మార్గాలు ఉన్న వాహనాలలో తయారీదారు సూచించిన క్రమాన్నే అనుసరించాలి.

ఒకరు పెడల్ తొక్కి పట్టుకోగా మరొకరు బ్లీడర్ నిపుల్‌ను వదులు చేసి, ద్రవంలో మునిగి ఉన్న సన్నని పారదర్శక గొట్టం ద్వారా బుడగలు పోనిచ్చి, నిపుల్ బిగించిన తర్వాతనే పెడల్ వదలాలి. డబ్బాలో ద్రవం ఒక్కసారి అడుగంటినా మళ్లీ గాలి చేరి పని మొదటికి వస్తుంది. బయటికి తీసిన ద్రవాన్ని తిరిగి పోయరాదు.

ఈ పనిలో తరచుగా జరిగే పొరపాట్లు మూడు. పాత మాస్టర్ సిలిండర్ ఉన్న వాహనంలో పెడల్‌ను నేల వరకు తొక్కుతూ గాలి తీస్తే, ఎన్నడూ పిస్టన్ వెళ్లని చోట పేరుకున్న తుప్పుపై సీళ్లు రాసుకుని చిరుగుతాయి. అప్పటివరకు లేని లీకు ఆ రోజే మొదలవుతుంది. పెడల్ కింద చిన్న చెక్క దిమ్మ పెట్టి దాని ప్రయాణాన్ని పరిమితం చేస్తే దీనిని నివారించవచ్చు. రెండవది, కాలిపర్లను కుడి ఎడమలు మార్చి బిగించడం. అప్పుడు నిపుల్ కింది వైపుకు వస్తుంది. పైభాగంలో చేరిన గాలి ఎన్నిసార్లు ప్రయత్నించినా బయటికి రాదు. మూడవది, కొత్త ప్యాడ్లు వేసిన తర్వాత పెడల్ తొక్కి చూడకుండానే వాహనాన్ని కదపడం. ప్యాడ్లు వేసేందుకు పిస్టన్లను వెనుకకు నెడతారు కనుక మొదటి తొక్కుడుకు పెడల్ నేలను తాకుతుంది. వాహనం కదిలే ముందు పెడల్ గట్టిపడే వరకు తొక్కడం విధిగా పాటించాలి.

మరమ్మతు అనంతరం ముందు నిలిపి ఉన్న వాహనంలోనే, ఇంజను ఆపి ఒకసారి, నడిపి ఒకసారి, పెడల్‌ను నిమిషం పాటు తొక్కి ఉంచి చూడాలి. తర్వాత ఖాళీ స్థలంలో నడక వేగంతోను, ఆపై గంటకు 20 కిలోమీటర్ల వేగంతోను పరీక్షించాలి. మరునాడు ఉదయం ద్రవ మట్టాన్ని, చక్రాల లోపలి వైపును మరొకసారి పరిశీలించాలి.

ఘాట్ రోడ్లపై అదనపు జాగ్రత్త

తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డు, శ్రీశైలం, పాడేరు, మారేడుమిల్లి ఘాట్ మార్గాలలో ప్రయాణించే వాహనాలకు బ్రేకు ద్రవం వయస్సు కీలకమవుతుంది. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. డాట్ 3 ద్రవానికి ప్రమాణాల ప్రకారం కనిష్ఠ మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్. తేమ చేరిన స్థితికి నిర్దేశించినది 140 డిగ్రీలు మాత్రమే. డాట్ 4 విషయంలో ఇవి 230, 155 డిగ్రీలు. దిగుడులో నిరంతరాయంగా బ్రేకు తొక్కుతూ వచ్చిన వాహనంలో పాత ద్రవం ఈ స్థాయికి చేరితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది, ఒత్తిడి చక్రానికి చేరదు, పెడల్ నేలకు దిగుతుంది. మధ్యలో ఆపిన వాహనంలో డిస్కుల వేడి ద్రవానికి ఎక్కుతుంది కనుక, కొద్ది నిమిషాలు ఆగి తిరిగి బయలుదేరినప్పుడు కూడా ఇది జరగవచ్చు.

సాధారణంగా రెండేళ్లకోసారి బ్రేకు ద్రవాన్ని పూర్తిగా మార్చడం, ఎక్కిన గేరులోనే దిగడం, కాలు పెడల్‌పై ఆనించి ఉంచకుండా అవసరమైనచోట గట్టిగా తొక్కి వదలడం దీనికి నివారణ మార్గాలు.

కార్యాలయ వాహనాల నిర్వహణ

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 190వ సెక్షన్ ప్రకారం, లోపం ఉన్నదని తెలిసీ సురక్షితం కాని స్థితిలో వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపడమే కాక, నడిపించడం, నడపనివ్వడం కూడా నేరమే. డ్రైవరు లోపాన్ని తెలియజేసిన తర్వాత "ఈ పర్యటన ముగియనివ్వండి" అని ఆదేశించే అధికారి ఈ విషయాన్ని గమనించవలసి ఉంది. 56వ సెక్షన్ కింద రవాణా వాహనాలకు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, తనిఖీ జరిగిన రోజున వాహనం స్థితిని ధ్రువీకరిస్తుంది. ఆ తర్వాత ఏర్పడిన లీకుకు అది సమాధానం కాజాలదు. అద్దె వాహనాలకు కూడా ఇది వర్తిస్తుంది.

డ్రైవరు పెడల్ లోపాన్ని లాగ్ బుక్కులో తేదీ, సమయంతో నమోదు చేయడం, ఆ నమోదుతోనే వాహనం నిలిచిపోవడం, మరమ్మతు ముగిసి పరీక్ష జరిగిన తర్వాతనే తిరిగి బయలుదేరడం ఒక క్రమంగా అమలు చేస్తే ఈ లోపం ప్రమాదంగా మారకుండా ఆపవచ్చు. వర్క్‌షాపు బిల్లులో "బ్రేకు పని" అని మాత్రమే రాసి ఉంటే అంగీకరించకుండా, కనుగొన్న కారణం, మార్చిన భాగం, పోసిన ద్రవం రకం స్పష్టంగా రాయించాలి. తీసివేసిన పాత భాగాలను తెప్పించి చూడాలి. "ద్రవం పోశాము" అన్న ఒక్క వాక్యంతో ముగిసిన బిల్లును, మరమ్మతు ఇంకా జరగలేదనడానికి సాక్ష్యంగానే పరిగణించాలి. ఫిర్యాదు చేసిన డ్రైవరును పనికి వెనుకాడేవాడిగా చూడకుండా ఉండడం వీటన్నిటికంటే ముఖ్యం. పెడల్‌లో వచ్చే మార్పు ముందుగా తెలిసేది అతని కాలికే.

ప్రమాద వార్తలు రాసే సందర్భంలో

ప్రమాదం జరిగిన వెంటనే "బ్రేకులు ఫెయిల్ కావడంతో" అనే మాట ప్రచారంలోకి రావడం పరిపాటి. ఆ మాటలో కనీసం మూడు వేర్వేరు సంగతులు ఇమిడి ఉంటాయి. ద్రవం కారిపోవడం నిర్వహణ లోపం. ద్రవం మరగడంలో నిర్వహణ లోపంతో పాటు నడిపే తీరు కూడా ఉంటుంది. పెడల్ గట్టిగానే ఉండి, వేడెక్కిన ప్యాడ్లు పట్టు కోల్పోవడం ప్రధానంగా అధిక భారం, వేగం, నిరంతరాయంగా బ్రేకు వాడడం వలన కలిగేది. పెద్ద బస్సులు, లారీలలో ఉండేవి సాధారణంగా ఎయిర్ బ్రేకులు కనుక వాటికి ఈ వ్యాసంలోని పెడల్ లక్షణాలు వర్తించవు.

ప్రమాదానికి గురైన వాహనాన్ని తనిఖీ చేసేందుకు చట్టంలోని 136వ సెక్షన్ అధికారం కల్పిస్తున్నది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక అందేవరకు కారణాన్ని ఖరారుగా రాయకుండా ఉండడం సముచితం. పెడల్ ముందుగా ఎప్పుడైనా జారిందా, ఆ విషయాన్ని డ్రైవరు ఎవరికి తెలియజేశాడు, చివరిసారి ద్రవం ఎప్పుడు మార్చారు, చివరి మరమ్మతులో ఏ భాగం మార్చారు అన్న ప్రశ్నలు అడిగితే అసలు బాధ్యత ఎక్కడ ఉన్నదో ప్రజలకు తెలిసే అవకాశం ఉంటుంది.

సీళ్లు, వీల్ సిలిండర్లు, హోస్ పైపులు ఒక వాహనం విలువతో పోలిస్తే స్వల్ప వ్యయంతో లభించేవే. అవి పూర్తిగా విఫలమయ్యే ముందు చాలా సందర్భాలలో పెడల్ ద్వారా తమ స్థితిని తెలియజేస్తాయి. ఆ సూచన అందిన రోజునే వాహనాన్ని నిలిపి, కారణం తేల్చి, సరిచేసిన తర్వాతనే రోడ్డుపైకి పంపాలని వాహన యజమానులు, డ్రైవర్లు, నియంత్రణాధికారులు అందరూ గుర్తుంచుకోవాలి.